రాతిబొగ్గు కరెంటు: కావలెననువారు, వలదనువారు

మన పొలములలోని మోటార్లు తిరుగుటకు ఎచ్చటనో బొగ్గు మండవలెనను సంగతి మన సభ్యులందరు నెఱిగినదే. ఎంత మండుచున్నదో లెక్కవేసి చూచినవారు మాత్రము కొలదిమంది యుందురు. మన దేశపు బొగ్గుతో ఒక యూనిటు విద్యుచ్ఛక్తి పుట్టించుటకు సుమారు 700 గ్రాములు కావలసియుండును. 5 హార్సుపవరు మోటారు దినమునకు 9 గంటలు తిరిగినచో 35 మొదలు 40 యూనిట్ల వరకు ఖర్చగును. ఆ కరెంటంతయు బొగ్గునుండియే వచ్చినదనుకొన్నచో, ఆ ఒక్క మోటారుకై దినమునకు పాతిక కిలోల బొగ్గు కాలవలెను. మన బొగ్గులో నూటికి 30 నుండి 40 పాళ్లు బూడిదయే గనుక, 8 లేక 9 కిలోల బూడిద యెచ్చటనో యొక బూడిద చెరువునకు చేరుచున్నది. ఆ చెరువు మన యూరిది కాదు, ఆ బొగ్గు త్రవ్విన నేల మన పొలము కాదు. కావుననే యీ విషయమును మనము తీరికగా కూర్చుండి మాటలాడుకొనగలుగుచున్నాము.

బొగ్గును విడిచి ఎండనుండియు గాలినుండియు కరెంటు పుట్టింపవలెనను మాట నేడు దేశమంతటను వినబడుచున్నది. 2024 లో మన దేశమున పుట్టిన విద్యుచ్ఛక్తిలో నూటికి 70 పాళ్లకు మించి బొగ్గువలన పుట్టినదే. 2025 నడుమ, బొగ్గు, గ్యాసు, చమురు కాని సాధనముల స్థాపితశక్తి దేశపు మొత్తము స్థాపితశక్తిలో సగమునకు వచ్చినదని కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిరి. వినువారికి ఈ రెండును ఒకదానికొకటి పొసగనట్లు తోచును గాని, రెండును నిజములే. స్థాపితశక్తి యనగా యంత్రములకు గల బలము. అవి ఎన్ని గంటలు పనిచేసినవను లెక్క వేరు. సూర్యఫలకము రాత్రి పని చేయదు, మబ్బునాడు చాలదు. ఎద్దులను లెక్కించుట వేరు, దున్నిన చాళ్లను లెక్కించుట వేరు గదా! 2021 నవంబరులో గ్లాస్గో నగరమున జరిగిన సర్వదేశ సభలో బొగ్గును ‘మానివేయుట’ యను మాటను ‘తగ్గించుట’ యని మార్పించినవారిలో మన దేశము ముఖ్యము. కర్బన వాయువుల నికర లెక్కను 2070 నాటికి సున్నకు తెత్తుమని మాట యిచ్చినదియు ఆ సభయందే. కాబట్టి ఈ మార్పు రేపు ఉదయమున జరుగునది కాదు, జరుగకుండ పోవునదియు కాదు.

ఇట్టి మార్పును ప్రజలు కోరుచున్నారా, కాదనుచున్నారా యని పట్టణములలో చర్చలు జరుగుచుండును. ఆ చర్చలలో ఎక్కువభాగము పొగనుగూర్చియు వేడిమినిగూర్చియు సాగును. అవి అల్పవిషయములని మేము చెప్పము. భూమిని వేడెక్కించు వాయువును గాలిలోనికి వదలు కారణములలో బొగ్గు పెద్దది. అదను తప్పిన వానల బాధ మొదట తగులునది రైతునకే. అయినను తెలుగునాట బొగ్గు కేంద్రము కావలెనని అడిగినవారిని, వలదని అడ్డుపడినవారిని పరిశీలించి చూడగా, వారి మాటకు మూలము పొగకంటె ముందు నేలయందును కూలియందును కనబడుచున్నది.

శ్రీకాకుళము జిల్లాలో సోంపేట ప్రాంతము ఉద్దానమను పేరుగల సీమలోనిది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధికెక్కిన సీమ యది. ఆ తీరమున బీల యను పల్లపు నేల కలదు. వాననీరు అందులో నిలుచును. ఆ నీరు చుట్టుపట్ల వరిచేలకు ఆధారము. చేపలు పట్టువారికి అది జీవనము, పశువులకు మేత. ఏ ఒక్కని పట్టాలోను పూర్తిగా చేరకపోయినను పలు గ్రామములవారు దానిపై బ్రతుకుచున్నారు. ప్రభుత్వపు కాగితములలో మాత్రము అది బంజరుగా కనబడినది. ఆ బంజరుపై 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము కట్టుటకు ఏర్పాట్లు జరిగినవి. గ్రామస్థులు వలదనిరి. రైతులును బెస్తలును కూడి నిరాహార దీక్షలు సాగించిరి. 2010 జూలై 14 వ తేదీన పనులు ప్రారంభింపబోవగా వేలమంది అడ్డుపడిరి. పోలీసు కాల్పులు జరిగి గ్రామస్థులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దినముననే ఢిల్లీలోని పర్యావరణ అప్పీలు న్యాయాధికార సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసినది. ఆ తీర్పు యొక్క దినము ముందు వచ్చియున్నచో ఏమయ్యెడిదో యని తలంచుకొనకుండ ఈ వృత్తాంతమును చదువుట కష్టము.

మరి యేడెనిమిది నెలలకు, 2011 ఫిబ్రవరి 28 వ తేదీన, అదే జిల్లాలో సంతబొమ్మాళి మండలమునందలి కాకరాపల్లి వద్ద మరియొక 2640 మెగావాట్ల కేంద్రము విషయమై ఇట్టి కాల్పులే జరిగినవి. అచ్చటను ప్రాణములు పోయినవి. అదియు పల్లపు తడినేలయే. దూరదేశములనుండి కొంగలు, గూడబాతులు వచ్చి గూళ్లు కట్టు తేలినీలాపురము దానికి చేరువనే యున్నది. వడ్డితాండ్ర గ్రామమున నిరాహార దీక్షలు సంవత్సరముల తరబడి సాగినవి.

సోంపేటవారు కాని కాకరాపల్లివారు కాని బొగ్గును విడిచి ఎండను పట్టవలెనను సిద్ధాంతముతో వీధికెక్కినవారు కారు. తమ తడినేల తమకు మిగులవలెననిరి, అంతియే. కేంద్రము వచ్చినచో ఉద్యోగములు, వ్యాపారము వచ్చునని ఆశపడినవారు అచ్చటను లేకపోలేదు. కాని నీటిపై బ్రతుకువారికి ఆ యుద్యోగములు అందునవి కావు. వలవేయువాని పేరు పట్టాదారుల జాబితాలో నుండదు గనుక పరిహారము లెక్కలోను ఉండదు. పట్టా యున్న రైతునకు చెక్కైనను దొరకును. బీలలో పశువులను మేపుకొను దానికి ఏ కచ్చేరిలోను రసీదు లేదు.

ఇక గోదావరి లోయకు పోదము. అచ్చట కథ తిరుగబడుచున్నది. 1871 లో ఇల్లందు సమీపమున డాక్టరు కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. నైజాము కాలమున 1886 లో ఒక కంపెనీ త్రవ్వకమునకు హక్కు పొందెను; 1920 లో అది సింగరేణి కాలరీసు కంపెనీ యయ్యెను. నేడు దాని వాటాలలో నూటికి 51 తెలంగాణ రాష్ట్రమువి, 49 కేంద్రమువి. కొత్తగూడెము, గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి, భూపాలపల్లి – ఈ పట్టణములు బొగ్గు లేకున్నచో ఈ రీతిగా ఉండెడివి కావు. కరవునాడు పల్లె విడిచి వచ్చిన రైతుకూలీల సంతానమే అచ్చటి కార్మికులలో పెక్కుభాగము. నెలజీతము, క్వార్టరు, ఆసుపత్రి, కంపెనీ లాభములో బోనసు – ఇవి గల కుటుంబము ఊరిలోని పదిమందికి అప్పు పుట్టించును, ఇద్దరు పిల్లలను చదివించును. తండ్రికి జబ్బుచేసినచో ఆ పని కొడుకునకు రావలెనని అచ్చటివారు ఎన్ని యేండ్లు పోరాడిరో వార్తాపత్రికలు చదువువారికి తెలియును. అట్టివారితో బొగ్గును మానవలెనని చెప్పుట, తడి భూమిగల రైతుతో కాలువ మూసివేయుదమని చెప్పుటవంటిది.

అయినను ఇచ్చట నిలిచి చూడవలసిన విషయ మొకటి కలదు. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండిరి. నేడు సుమారు 40 వేలమంది. వారిగాక కాంట్రాక్టు కూలీలు వేలకొలది. బొగ్గు త్రవ్వకము ఈ నడుమ తగ్గినదా? తగ్గలేదు, పెరిగినది, 2023–24 లో 7 కోట్ల టన్నులు త్రవ్విరి. తట్ట, చెమ్మస్సు పోయి యంత్రములు వచ్చినవి. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగినవి. ఎండ కరెంటు ఇంకను తలయెత్తని కాలముననే సగమునకు మించిన కొలువులు పోయినవన్నమాట. బొగ్గును విడిచిన దినమున ఉద్యోగములు పోవునని భయపెట్టువారు ఈ లెక్కను చెప్పరు. ఎండ కరెంటు వచ్చినచో ఉద్యోగములు పుట్టునని ఆశపెట్టువారు మరియొక లెక్కను చెప్పరు. ఫలకములు బిగించునప్పుడు మాత్రమే వందలమందికి పని. అటుపిమ్మట ఫలకములు కడుగుటకు, గడ్డి కోయుటకు, కావలి యుండుటకు కొలదిమంది చాలుదురు. సింగరేణివారును 200 మెగావాట్లకు పైగా సూర్యఫలకములు నెలకొల్పిరి. అందువలన కంపెనీకి కరెంటు బిల్లు తగ్గినది, మంచిదే. కొత్త కొలువులు మాత్రము చెప్పుకోదగినన్ని రాలేదు.

రామగుండమునందు 62.5 మెగావాట్ల పాత కేంద్ర మొకటి 1971 నుండి నడచి 2024 లో మూతపడినది. ఆ యూరివారు అడిగినదేమి? పొగ పోయినదని సంతోషించి ఊరకుండిరా? ఆ స్థలముననే అంతకు ఎన్నో రెట్లు పెద్దదియగు కొత్త బొగ్గు కేంద్రమును కట్టవలెనని కోరిరి. బూడిదతో యాబదియేండ్లు కాపురము చేసినవారు మరల బూడిదనే కోరుట వింతగా తోచవచ్చును. కేంద్రమున్నచో ఊరిలో అంగడి నడచును, లేనిచో మూతపడును. వారి యెదుట మరియొక దారి యెవరును చూపలేదు. అదే రామగుండమున జాతీయ థర్మలు సంస్థవారి జలాశయముపై 100 మెగావాట్ల సూర్యఫలకములు నీటిమీద తేలుచు 2022 నుండి కరెంటు నిచ్చుచున్నవి. ఊరివారు వానిని చూచి మెచ్చుకొందురు, వానికొరకు ఊరేగింపు చేయరు.

పాల్వంచ వద్ద పాత కొత్తగూడెము కేంద్రపు శీతల గోపురములు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5 వ తేదీన మందుపెట్టి కూల్చిరి. 1966 మొదలు కట్టుచు వచ్చిన ఆ 720 మెగావాట్ల యంత్రములు 2020 నాటికి మూతపడినవి. కూలుటను చూచినవారిలో కొందరు బొగ్గు కాలము తీరినదనుకొనిరేమో! తీరలేదు. ఆ ప్రక్కనే 800 మెగావాట్ల కొత్త యంత్రము 2018 డిసెంబరులో నడక ప్రారంభించియుండెను. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున 4000 మెగావాట్ల యాదాద్రి కేంద్రపు మొదటి యంత్రము 2024 డిసెంబరులో ప్రారంభింపబడినది.

గోదావరి లోయలో అందరును బొగ్గు పక్షమే యనుకొనుటయు పొరపాటు. ఓపెన్‌కాస్టు క్రింద ఊరు పోగొట్టుకొన్న రైతులు, బావులు ఎండిన రైతులు, తూటాల పేలుళ్లకు గోడలు బీటలు వారిన ఇండ్లవారు అచ్చటనే యున్నారు. అన్న గనిలో కార్మికుడు, తమ్ముడు అంచున మిగిలిన చేనులో రైతు. ఒక ఇంటనే రెండు మాటలు. కృష్ణాతీరమున ఇబ్రహీంపట్నము, కొండపల్లి పరిసరములవారు బూడిదనుగూర్చి మొరపెట్టుకొనుట నేటిది కాదు. ఆ కేంద్రములో పనిచేయువారి కాపురములును ఆ గాలిలోనే యున్నవి. గనుల వలన బాధపడిన ప్రాంతములకై జిల్లా ఖనిజ నిధులు 2015 చట్టమువలన ఏర్పడినవి. ఆ డబ్బు బాధపడిన గ్రామమునకు చేరుచున్నదా, జిల్లా కేంద్రపు రోడ్లకు పోవుచున్నదా యని గ్రామసభలో అడుగు హక్కు మనవారికి కలదు, అడుగువారే తక్కువ.

బొగ్గు పక్షము ఇట్లుండగా, ఎండ పక్షము నిష్కళంకమా? కర్నూలు సీమలో పాణ్యము వద్ద గని, శకునాల గ్రామముల నేలలలో 2017 లో పూర్తియైన సూర్యవిద్యుత్క్షేత్రము 1000 మెగావాట్లది. అది సుమారు 5,900 ఎకరములు ఆక్రమించినది. మెగావాటుకు 4 మొదలు 6 ఎకరముల వరకు కావలసియుండును గనుక, ఎండ కరెంటునకు బొగ్గు అక్కరలేకున్నను నేల అక్కర. అనంతపురము సీమలో నంబులపూలకుంట వద్ద ఇట్టి క్షేత్రమునకే భూములు తీసికొనినపుడు, ఏండ్ల తరబడి దున్నుకొనుచున్నను పట్టా చేతికి రానివారు తమకు పరిహారము దక్కలేదని ఫిర్యాదు చేసిరి. సోంపేటలో బెస్తవాని గతియు ఇచ్చట పట్టాలేని రైతు గతియు ఒకటే. పొగ యున్నదా లేదా యన్నది ఆ రైతునకు రెండవ ప్రశ్న.

మన సరిహద్దు దాటి నాలుగు మైళ్లు పోయినచో కర్ణాటకములో పావగడ తాలూకా వచ్చును. అచ్చటి పల్లెలలో తెలుగు మాటలాడువారే పెక్కుమంది. వేరుసెనగ నమ్ముకొని అప్పులపాలైన మెట్ట సీమ యది. అచ్చట 2050 మెగావాట్ల క్షేత్రమునకు సుమారు 13 వేల ఎకరములు కావలసివచ్చెను. ప్రభుత్వమువారు వానిని కొనలేదు, కౌలునకు తీసికొనిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు. రెండేండ్ల కొకమారు నూటికి 5 చొప్పున పెంపు. భూమి రైతు పేరననే నిలుచును. వానలు తప్పిన యేట వేరుసెనగలో అంత మిగులునా యని ఆలోచించినచో, రైతులు ఎందుకు సమ్మతించిరో బోధపడును. కాల్పులు లేవు, దీక్షలు లేవు. పట్టాదారులలో పలువురు సంతోషముగా నున్నారు. కాని ఆ చేలలో కలుపు తీసిన కూలీ స్త్రీలకు, గొఱ్ఱెలు మేపినవారికి కౌలు రాదు. ఉన్న పని పోయినది. పెద్ద కమతమువానికి పెద్ద కౌలు, చిన్న కమతమువానికి చిన్న కౌలు, కమతమే లేనివానికి వలసబండి. పావగడ పద్ధతి మేలైనదని మేము తలంతుము. సంపూర్ణమైనదని మాత్రము చెప్పజాలము.

మరియొక సంగతి. రైతునకు ఎండ కరెంటుతో సహజమైన పొత్తు ఒకటి కలదు. దానిని బొగ్గు పక్షమువారు కూడ కాదనలేరు. పంటకు నీరు పగటిపూట కట్టవచ్చును, ఎండ కరెంటు పగటిపూటనే పుట్టును. మన రైతులు అర్ధరాత్రి బ్యాటరీ దీపము చేతబట్టి గట్టుమీద నడచి పాము కాటుకు, తడి చేతితో స్టార్టరు ముట్టి కరెంటు షాకునకు బలియైన కథలు ఏ మండలములో లేవు? రాత్రి కరెంటు ఇచ్చుట రైతుపై దయచేత కాదు. పట్టణములు, కార్ఖానాలు నిద్రపోవు వేళ బొగ్గు యంత్రములు ఊరక తిరుగరాదని యిచ్చినది. పగటి కరెంటు మిక్కుటమగుకొలది ఆ లెక్క తారుమారగుచున్నది. నేడు ఆంధ్రప్రదేశములో వ్యవసాయమునకు పగటి 9 గంటల సరఫరా విధానము. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలైనది. ఆ 24 గంటలలో ఆటో స్టార్టర్లు తమంత తామే మోటార్లు నడిపి బోర్లను పీల్చివేసిన సంగతి మనవారికి అనుభవమే. కరెంటు ఎండదైనను బొగ్గుదైనను, నేలలో నీరు ఒకటే.

సాయంకాలము దీపాలు వెలిగించు వేళ ఎండ యుండదు గదా యను ఆక్షేపణ బలమైనది. దానికి బ్యాటరీలు ఒక జవాబు. కొండల నడుమ నీరు మరియొక జవాబు. శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రములోని 150 మెగావాట్ల యంత్రములు ఆరును రెండు వైపుల తిరుగగలవు: నీరు దిగునపుడు కరెంటు పుట్టించును, కరెంటు మిగిలినపుడు దిగువ నీటిని మరల పైకి తోడును. పగటి యెండను ఈ విధముగా రాత్రికి దాచవచ్చును. దాచుటకు ఖర్చగును, కొంత వృథాయగును; వడ్లు గాదెలో పోసినను ఎలుకల వంతు తప్పదు.

ధర విషయము. కొత్త సూర్యకేంద్రముల కరెంటు యూనిటు 2 రూపాయల 50 పైసల ప్రాంతమున వేలములో పలుకుచు వచ్చినది. కొత్తగా కట్టు బొగ్గు కేంద్రముల ధర 5 రూపాయలు దాటుచున్నది. దాచుఖర్చు కలిపినచో ఈ దూరము తగ్గును, గాని పూర్తిగా పోదు. ఉచిత కరెంటు పొందు రైతునకు ధరతో నేమి పని యని కొందరు అనవచ్చును. 2004 మే నెల నుండి మనకు ఉచితమైనను, ఆ సొమ్ము ప్రభుత్వము డిస్కములకు చెల్లింపవలసినదే. ఖజానాకు బరువైనపుడు కోత మొదట ఎవరి ఫీడరుపై పడునో చెప్పనక్కరలేదు. 2000 ఆగస్టు 28 వ తేదీన హైదరాబాదు బషీరుబాగులో కరెంటు చార్జీల పెంపును ఎదిరించినవారిపై కాల్పులు జరిగినవి. చౌకగా పుట్టు కరెంటు రైతు ఉచితమునకు కావలియని మేము తలంతుము.

పరదేశముల మాట రెండు వాక్యములలో చెప్పి విడుతుము. లండను నగరమున 1882 లో బొగ్గు కరెంటు నారంభించిన ఇంగ్లండు దేశము 2024 సెప్టెంబరు 30 వ తేదీన తన కడపటి బొగ్గు కేంద్రమును మూసివేసెను. కాని 1984–85 లో సమ్మెచేసి ఓడిన గని కార్మికుల యూళ్లకు తగిన బ్రతుకుతెరువు చూపకయే గనులను మూసిన కాలపు గాయము అచ్చట నేటికిని మానలేదు. జర్మనీవారు 2038 నాటికి బొగ్గును విడువవలెనని 2020 లో చట్టము చేయునపుడే, గని ప్రాంతములకై 4,000 కోట్ల యూరోలు కేటాయించిరి. అచ్చటను సణుగుడు ఆగలేదు గాని, మాట్లాడుకొనుటకు చేతిలో కాగితమొకటి యున్నది. గోదావరి లోయవారి చేతిలో అట్టి కాగితము నేటికిని లేదు.

ఇక సహకార సభ్యులుగా మనకు దీనితో గల సంబంధము. కరెంటునందు సహకారము మనకు కొత్త కాదు. సిరిసిల్లలో 1970 లో నెలకొన్న విద్యుత్సహకార సంఘము దేశములో మొదట ప్రయోగముగా ఏర్పడిన అయిదింటిలో నొకటి. పల్లెలకు తీగలు లాగి మోటార్లకు కరెంటిచ్చినది. అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పములలోను ఇట్టి సంఘములు వెలసినవి. అవి కరెంటును కొని పంచినవి. పుట్టించి అమ్ము సంఘము మరియొక మెట్టు.

గుజరాతులో ఖేడా జిల్లా ధూండి గ్రామమున 2016 లో ఆరుగురు రైతులు సూర్యపంపుల సహకార సంఘము నమోదుచేసిరి. పైరునకు కావలసినంత నీరు తోడుకొని, మిగిలిన కరెంటును విద్యుత్కంపెనీకి యూనిటు 4 రూపాయల 63 పైసలకు అమ్ముటకు 25 ఏండ్ల ఒప్పందము చేసికొనిరి. దానికి బదులుగా రాయితీ కరెంటు కనెక్షను కోరమని మాటయిచ్చిరి. ఈ పద్ధతిలోని కిటుకు ఇది: మోటారు ఊరక తిరిగినచో డబ్బు పోవును, ఆపినచో డబ్బు వచ్చును. నీటిని పొదుపు చేయుమని ఏ అధికారియు వచ్చి చెప్పనక్కర లేకపోయెను. ఆరుగురు సభ్యులంటే స్వల్పమే. మన పరపతి సంఘములును తొలినాళ్లలో అంతకంటె పెద్దవిగా పుట్టినవి కావు. మనవైపు కరెంటు ఉచితము గనుక ధూండి బేరము ఉన్నదున్నట్లు ఇచ్చట కుదురదు. ఉచితమును వదలుకొనుమని ఏ సభ్యునికిని మేము చెప్పము. వదలుకొనక మిగులు అమ్ముకొను దారి యున్నదేమో విచారింపవలెను.

2019 లో కేంద్ర ప్రభుత్వమువారు ప్రవేశపెట్టిన కుసుమ్ పథకములో అట్టి దారి యొకటి కలదు. సబ్‌స్టేషనుకు 5 కిలోమీటర్లలోపల గల బీడు భూమిలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సూర్యకేంద్రము నెలకొల్పుటకు రైతులు, సహకార సంఘములు, పంచాయతులు కూడ అర్హులు. పుట్టిన కరెంటును డిస్కము 25 ఏండ్లు కొనవలెను. ధరను విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించును. ఒక మెగావాటుతో 5 హార్సుపవరు మోటార్లు సుమారు 200 ఏకకాలమున తిరుగగలవు గనుక, ఒక యూరి మోటార్లకు సరిపోవు కేంద్రము ఆ యూరి బీడుననే పట్టును. పెట్టుబడి లేనివారు భూమిని కంపెనీకి కౌలునకీయవచ్చును. బేరగాండ్లు త్వరపడి వచ్చునది ఇచ్చటనే.

అట్టి కౌలు పత్రముపై సంతకము చేయుటకు ముందు సభ్యులు సంఘమున నలుగురితో చదివించుకొనుట మేలు. కౌలు ఎన్నేండ్ల కొకమారు ఎంత పెరుగును? డిస్కము కంపెనీకి బకాయిపడినచో రైతు కౌలు ఆగునా, నడచునా? ఆ పట్టాపై సంఘపు అప్పు ఉన్నచో తాకట్టు సంగతి యేమి? ఆ భూమిని అప్పటివరకు దున్నుచున్న కౌలుదారునకు ఏమి ముట్టును, ఎవరిచేత ముట్టును? కౌలుదారులకు సభ్యత్వమీయని సంఘములు ఈ ప్రశ్నకు మొదట తమలో జవాబు చెప్పుకొనవలసియుండును. గొఱ్ఱెల దారిని, పశువుల నీటిరేవును కంచెకు వెలుపల విడిచి గీత గీయించుకొనవలెను. 25 ఏండ్ల పిమ్మట ఫలకములను, ఇనుప కమ్మీలను, నేలలోని సిమెంటు దిమ్మలను ఎవరు పెల్లగింపవలెనో, ఆ ఖర్చునకు సొమ్ము నేడే ఎవరి పేర జమ చేయవలెనో పత్రమునందు వ్రాయించుకొనవలెను. మన భాషలో వ్రాసిన నకలు కూడ పుచ్చుకొని, దాని ప్రతినొకదానిని సంఘ కార్యాలయమున భద్రపఱచుటకు కార్యదర్శులు ఏర్పాటు చేయుదురుగాక.